అడగకుండా కట్టిన పాట

అక్కా,
నేను క్షేమం, గొంతే కాస్త బొంగురుపోయింది. కొత్త ఆల్బంలో, నీకు దక్కని పాప మీద నేను కట్టిన పాటనే ప్రతి ఊళ్లోనూ మళ్లీ పాడమంటున్నారు. నిన్న కచేరీ అయ్యాక ఒక నర్సు నా చెయ్యి పట్టుకుని, "మీ అక్క ఇప్పుడెలా ఉందమ్మా?" అంది. పాట కట్టానే గాని, ఆ మాట నేను నిన్నెప్పుడూ అడగలేదు. పాడతానని కూడా చెప్పలేదు. తప్పయిపోయింది. ఇంకా తొమ్మిది కచేరీలున్నాయి; నువ్వు సరే అనేదాకా ఆ పాట పాడను.

బావ దగ్గు తగ్గిందా? నా పెట్టెలో ఉన్ని శాలువా ఉంది, తీసి ఇవ్వు. నువ్వెలా ఉన్నావు? తిట్టి రాసినా సరే, రాయకుండా మాత్రం ఉండకు. బావకు నమస్కారాలు.

నీ చెల్లి