గువ్వ పెంచిన రొట్టెముక్క

రెండో తరగతి టీచరమ్మకు,

గువ్వ అమ్మమ్మను రాస్తున్నాను. వాళ్ళమ్మానాన్నలు షిఫ్టుల మీద తిరుగుతుంటారు కాబట్టి పిల్ల మంచిచెడ్డలన్నీ నావే. నిన్న వంటింటి అలమర వెనక ఒక డబ్బా దొరికింది. అందులో తడి రొట్టెముక్క, దాని మీద పచ్చగా నూగు. పిల్ల తిండి తినకుండా దాచిపెడుతోందా? బళ్ళో ఎవరైనా బెదిరిస్తున్నారా? ముక్క పారేసి, డబ్బాను మరిగే నీళ్ళలో ఉడకబెట్టాను.

ఇట్లు,
హెడ్ నర్సుగా రిటైరైన అమ్మమ్మ

తా.క.: ఎంత అడిగినా పిల్ల నోరు విప్పడం లేదు. ఏడుస్తోంది, అంతే.

*

అమ్మమ్మగారికి నమస్కారాలు.

మీరు ఉడకబెట్టింది మా సైన్స్ ప్రదర్శన డబ్బా అండీ. రొట్టె మీద బూజు ఎలా పెరుగుతుందో గువ్వ అందరికీ చెప్పాలి. ఆ పిల్ల ఇంతవరకూ క్లాసులో గొంతు విప్పలేదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుందే తప్ప పలకదు. బూజు మాట ఎత్తినప్పుడే నా చెవిలో "నేను చేస్తా" అంది. ఇది కూడా పోతే ఇక ముడుచుకుపోతుందని నా భయం. ఇంకో ముక్క పంపుతున్నాను. దయచేసి దాని జోలికి వెళ్ళకండి.

మీ
టీచరు

*

టీచరమ్మా,

మిగతా పిల్లలు రాకెట్లూ అగ్నిపర్వతాలూ తెస్తుంటే మా పిల్ల కుళ్ళిన రొట్టె పట్టుకుని నిలబడాలా? చూసినవాళ్ళు ఇంట్లో పెద్దదిక్కు లేదనుకోరూ? అందుకే ఎర్రగుడ్డతో గుండెకాయ కుట్టి పంపుతున్నాను. నాలుగు గదులూ ఉన్నాయి. కవాటాలకు బొత్తాలు వేశాను.

ఉంటాను,
అమ్మమ్మ

తా.క.: ముక్క జోలికి నేను వెళ్ళలేదు. కాసేపు ఎండలో పెట్టానంతే.

*

అమ్మమ్మగారూ,

గుండెకాయ బ్రహ్మాండంగా ఉంది, తిప్పి పంపుతున్నాను. దాని గురించి మీరు మాట్లాడగలరు గానీ గువ్వ మాట్లాడలేదు. గువ్వ ముక్క తెచ్చి చూపించింది, ఎండకు చెక్కలా బిగుసుకుపోయింది. మరొకటి పంపుతున్నాను. తడిపి, చీకట్లో మూతపెట్టి వదిలెయ్యండి. కోపమొస్తే నన్ను తిట్టండి, ముక్కను మాత్రం ఏమీ చెయ్యకండి.

బతిమాలుకుంటూ,
టీచరు

*

టీచరమ్మా,

మీరు చెప్పింది చెప్పినట్టు చేశాను. తడిపాను, చీకట్లో పెట్టాను. మూత తియ్యనే లేదు, రోజూ పొద్దున్నే ముక్క మార్చేటప్పుడు తప్ప. నలుగురూ చూసేచోట పాతది పెడితే ఏం బాగుంటుంది? రేపటి ప్రదర్శనకు నేను రావడం లేదు. నువ్వొస్తే బల్లలన్నీ తుడిచేస్తావంది పిల్ల. అదీ నిజమే. పైగా అది బిక్కమొహం వేసుకుని నిలబడితే నేను చూడలేను. కాస్త కనిపెట్టుకుని ఉండండి తల్లీ.

అమ్మమ్మ

తా.క.: రేపటి ముక్క చాలా మెత్తగా ఉంది.

*

అమ్మమ్మగారికి,

ప్రదర్శన మా తరగతి గదిలోనే జరిగింది. గువ్వ మీ తాజా ముక్కను పళ్ళెంలో పెట్టుకుని నిలబడింది. హెడ్మాస్టరుగారు వంగి చూసి, "బూజేదమ్మా?" అన్నారు. గువ్వ నావైపు చూసింది, పళ్ళేన్ని చూసింది, నోరు విప్పింది.

"బూజుకి తడి కావాలి, చీకటి కావాలి, ఎవరూ ముట్టుకోకుండా ఉండాలి. మా ఇంట్లో మొదటి రెండూ దొరుకుతాయి సార్. మూడోది మా అమ్మమ్మ ఉండగా కుదరదు."

"మరి మూడూ ఎక్కడ దొరుకుతాయి?" అన్నారాయన.

గువ్వ తిన్నగా వెళ్ళి నా బల్ల సొరుగు లాగింది. ఎప్పుడో మర్చిపోయిన నా టిఫిన్ డబ్బా బయటికి తీసి మూత తెరిచింది. పచ్చగా, నల్లగా, దట్టంగా ఉంది లోపల. "ఇది మా టీచర్ పెంచింది" అని గదంతా వినబడేలా చెప్పింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదండీ. అయినా ఆ గొంతు అంత గట్టిగా వినడం అదే మొదటిసారి కదా, సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చేసింది.

మీ గువ్వ టీచరు

తా.క.: అప్పటినుంచి మాట్లాడటం ఆపలేదు. నన్ను పాఠం చెప్పనివ్వడం లేదు. ఇంట్లో ఎలా ఆపుతారో కాస్త రాద్దురూ.