సోమవారం రావాల్సిన వార్త

1 ఫిబ్రవరి 1994, మంగళవారం

ఆదివారం బోధన్‌లో పది కిలోమీటర్ల పరుగు. నవంబర్ నుంచి రోజూ పొద్దున్నే కలెక్టరేట్ గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేస్తున్నాను. నిన్నటి టైం గంటా పది నిమిషాలు. బోధన్ నుంచి మా పేపర్‌కు వార్తలు పంపే కంట్రిబ్యూటర్ లింబయ్య ఫోన్ చేసి మరీ ఆ టైం రాసుకున్నాడు.

నాకు నలభై ఆరేళ్లు. రిపోర్టర్‌గా ఇరవై రెండేళ్లు. నా పేరు వార్తల పైన వచ్చింది, వార్తలో ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి రావాలని ఉంది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

3, గురువారం

తుమ్ములు. పదకొండు.

4, శుక్రవారం

ముక్కు మూసుకుపోయింది. డాక్టర్ రాజనర్సు దగ్గరికి వెళ్లాను. ముక్కుల ఉంటే ఉరుకు, ఛాతిలకు దిగితే సప్పుడు జేయక పండుకో అన్నాడు. ఇప్పుడెక్కడుందని అడిగాను. గొంతు కాడ నిలబడ్డది, ఎటు పోతదో దాన్నే అడుగు అన్నాడు.

ఇంట్లో అత్తమ్మ భీమవ్వ పసుపు కొమ్ము కాల్చి పొగ పట్టించింది. మార్కెట్ యార్డుకు కొత్త పసుపు వస్తున్న రోజులు, కొమ్ములకు కొదవ లేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి. గీ వయసుల ఉరుకుడేంది బిడ్డా, పోలీసోళ్లు ఎంటబడ్డరా అని అడిగింది. నేను జెప్తె ఇనడు అవ్వా, ఇంకింత పొగ వెట్టు అని మా ఆవిడ ప్రమీల.

5, శనివారం సాయంత్రం

టెంపరేచర్ 99.6. ఆఫీసుకు వెళ్లలేదు. జిల్లా పేజీ నా బదులు తోటి రిపోర్టర్ ముత్తన్న చూసుకుంటానన్నాడు.

పరుగు లేదు. నిర్ణయం అయిపోయింది. ప్రమీల నా బూట్లు తీసుకెళ్లి అటక మీద పెట్టింది.

6, ఆదివారం, పొద్దున 5.15

టెంపరేచర్ 98.4. దగ్గు లేదు. ముక్కు మాత్రం సిమెంటు పోసినట్టుంది.

పేపర్ వచ్చింది. మూడో పేజీ. నిన్న బోధన్‌లో ఉత్సాహంగా పరుగు జరిగిందట. నేను గంటా పది నిమిషాల్లో పూర్తి చేశానట. దారి పొడవునా జనం చప్పట్లు కొట్టారట.

రెండుసార్లు చదివాను. పరుగు ఈ రోజు ఏడున్నరకు.

లింబయ్య అలవాటు నాకు తెలుసు. ఆదివారం వార్తను శనివారమే రాసి బస్సులో పంపుతాడు. కవరు మీద ‘సోమవారానికి’ అని రాస్తాడు. ఏదైనా మారితే ఫోన్ చేస్తాడు. ఈసారి కవరు మీద ఆ ముక్క మరిచిపోయి ఉంటాడు. గెలిచినవాడి పేరుకు ఖాళీ వదిలి ఉంటాడు, ముత్తన్న ఆ వాక్యం కొట్టేసి ఉంటాడు. అందుకే వార్త మొత్తంలో ఒకటే పేరు. నాది. నేను సీట్లో ఉంటే అక్కడే ఆగేది.

మొత్తానికి వార్తలోకి వచ్చాను. జరగని వార్తలోకి.

తేదీ తప్పయితే ఒక వాక్యంతో సవరించవచ్చు. ఉరకని మనిషి ఉరికాడని అచ్చేస్తే హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్లు లింబయ్యను తీసేస్తారు. తొమ్మిదేళ్లుగా రాస్తున్నాడు.

ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గట్టిగా ఊపిరి తీశాను. శుభ్రంగా ఉంది. జలుబు ముక్కులోనే ఆగింది.

అటక ఎక్కాను.

అదే రోజు, మధ్యాహ్నం

5.45 బస్సు దొరికింది. బోధన్ బస్టాండ్‌లో లింబయ్య పేపర్ చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. సార్, తిడితే తిట్టుండ్రి గని ఉరుకుండ్రి అన్నాడు. తోడుగా చెప్పులతోనే పరుగెత్తాడు. రెండు వందల మీటర్లు వచ్చాడు.

చక్కెర ఫ్యాక్టరీ గానుగ సీజన్. రోడ్డు పక్కన చెరుకు బండ్ల వరుస కిలోమీటర్ల కొద్దీ ఉంది. బండ్లవాళ్లు తమ వంతు కోసం ఎదురుచూస్తూ హోటల్ దగ్గర పేపర్ చదివించుకున్నారు. కొమురయ్య అనే పెద్దాయన నా బనియన్ మీది పరుగు నంబర్ చూసి పేరు అడిగాడు, చెప్పాను. నిన్ననే ఉరికినవని పేపర్ల వచ్చింది గద సారూ, మల్లెందుకు ఉరుకుతున్నవ్, నిన్నటిది లెక్కకు రాలేదా అన్నాడు. వెనక బండి నుంచి ఇంకొకడు, ముంగట అచ్చేసిండ్రు, ఇప్పుడు నిజం జేస్తుండు, ఉరకనియ్యుండ్రే అన్నాడు. నోటితో ఊపిరి తీస్తున్నవాడికి నవ్వు రాకూడదు. వచ్చింది. ఆగి, నడుం పట్టుకుని నవ్వాను.

అక్కడి నుంచి మాట నాకంటే ముందు పోయింది. ప్రతి బండి దగ్గరా చప్పట్లు.

ఎనిమిదో కిలోమీటరు దాటి ఫ్యాక్టరీ వైపు తిరగ్గానే ముక్కు తెరుచుకుంది. మూడు రోజుల తర్వాత మొదటి వాసన, మొలాసిస్, చెరుకు మడ్డిది. బోధన్‌కు కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకునే వాసన. నేను రెండు ముక్కుపుటాలతో నిండా పీల్చాను. తర్వాతి రెండు కిలోమీటర్లు ఎలా వచ్చానో నాకే తెలియదు.

డెబ్బై ఒక్కమందిలో అరవై ఆరో స్థానం. గంటా పద్నాలుగు నిమిషాలు. లింబయ్య గడియారం చూసి, నాలుగు నిముషాలదేముంది సార్, గంటా పదే అనుకుందాం అన్నాడు.

కుదరదన్నాను.

7, సోమవారం

మూడో పేజీ అడుగు నుంచి కత్తిరించి అంటించాను:

‘సవరణ: బోధన్ పరుగు జరిగింది శనివారం కాదు, ఆదివారం. మా రిపోర్టర్‌కు పట్టిన సమయం గంటా పది నిమిషాలు కాదు, గంటా పద్నాలుగు. చప్పట్లు నిజమే.’