గుమ్మం దగ్గరి చెప్పులు

బోధన్,
నవంబరు 3.

ప్రిస్కిల్లా,

పదో తరగతి పరీక్షలు రాసేవాళ్ల పేర్లు బడి నుంచి పన్నెండో తారీకున పంపుతారు కాబట్టి నీకు ఇప్పుడే రాస్తున్నాను.

బడికి బాంబు బెదిరింపు వచ్చిన రోజు అందరం తరగతి గుమ్మంలో చెప్పులు వదిలేసి చెరుకు తోట దాకా పరుగెత్తాం కదా. మీ బాపు నిన్ను అటునుంచి అటే కోటగిరి తీసుకుపోయాడు. పోలీసులు బడంతా వెతికితే ఏమీ దొరకలేదు.

ఇప్పుడు మా అవ్వా, మిగతా తల్లులూ వంతులేసుకుని, బీడీలు చుట్టే చాటలతో గేటు దగ్గర కూర్చుంటున్నారు. "ఎన్నడు బడి మొకం సూడలే, ఇప్పుడు సార్ల కంటే నాదే హాజరెక్కువ" అంటుంది మా అవ్వ. ఈ మాట మీ బాపుకు చదివి వినిపించు.

నీ చెప్పులు ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాయి. రోజూ నావి వాటి పక్కనే విడుస్తున్నాను.

పదో తారీకులోగా వస్తున్నానని జవాబు రాయి. చెప్పులు పంపమని మాత్రం రాయకు.