టకు గుడిస్తే టి

చంద్రపూర్,
4 జూలై 1993, ఆదివారం

ప్రియమైన అక్కకు,

అన్యాయం జరిగింది. చేసింది మన అమ్మ. అన్యాయం చేసినవాళ్ళ పేరు చివరి పేజీలో దాచేవాడు పిరికివాడని మొన్ననే ఒక కరపత్రంలో చదివాను. అందుకే పేరు మొదటే రాస్తున్నాను.

విరూర్‌లో నర్సు కొలువుకు పోతూ నీ కుక్కపిల్లను మాకు అప్పగించావు. రాణి అని పిలవమన్నావు. ఆ పేరులో రాచరికం ఉంది కాబట్టి మార్చాను. ఇప్పుడు దాని పేరు సాథీ, అంటే సహచరి. నేను పిలిస్తే పలకదు, అది వేరే సంగతి.

దాని తిండి గురించి నువ్వు రాసిపెట్టి పోయిన చీటీ నిన్న బియ్యం డబ్బా కింద దొరికింది. నీ చేతిరాతే: "పూటకు ఒక వాటా అన్నం. రోజుకు మూడు పూటలు." మరి అమ్మ ఏం పెడుతున్నదో తెలుసా? పప్పు పోసుకునే చిన్న స్టీలు గిన్నెతో ఒక్క గిన్నెడు! మూడు నెలల పిల్ల, ఎదిగే వయసు. తిన్న తర్వాత అది గిన్నెను వంటగది అంతా నాకుతూ తిప్పుతుంది. చూడలేక అమ్మను నిలదీశాను.

"అక్క వాటి అని చెప్పింది కొడుకా," అంటూ ఆ గిన్నె పైకెత్తి చూపించింది. "గీ వాటి. పూటకు గింతే."

"చెప్పింది కాదమ్మా, రాసింది చూడు. వాటా! వాటా అంటే హక్కు. మనతో సమానంగా అని."

"ఏమో, వాటి అన్నట్టే ఇన్న."

"నీకు చదువు రాదు కదా!"

ఆ గిన్నెను నేను తీసి అటక మీద పడేశాను. అది ముష్టి గిన్నె. ఇకనుంచి సాథీకి బాపుకు పెట్టినంత, నాకు పెట్టినంత. అన్నం, పులుసు, రొట్టె, ఆదివారం బొక్కలు.

మెయిన్ రోడ్డు దుకాణంలో విదేశీ కుక్క బిస్కట్ల డబ్బా వచ్చింది. ఎన్ని నెలల పిల్లకు ఎంత పెట్టాలో డబ్బా మీదే అచ్చు వేశారట. డంకెల్ వాణిజ్య ఒప్పందం పుణ్యమా అని రేపు మన పళ్ళేల మీద కూడా వాళ్ళే అచ్చు వేస్తారు. మనకొద్దు. మన ఇంటి అన్నం చాలు.

ఇంటి అన్యాయాన్ని ఇంట్లోనే దాచకూడదని బాపు పేరూ, అమ్మ పేరూ పెట్టి ఒక కాగితం రాసి, లైనంతా నీళ్ళు పట్టుకునే నల్లా గోడకు అంటించాను: "మొగిలి క్వార్టరులో నోరులేని జీవి కడుపు మాడ్చిన రుక్కమ్మ." మన లైనులో తెలుగు చదివేవాళ్ళు తక్కువ కాబట్టి నేనే నిలబడి గట్టిగా చదివాను. చంద్రకళ చిన్నమ్మ బిందె కింద పెట్టి, "ఏందే రుక్కవ్వా, నీ కొడుకు నీ మీదనే సమ్మె చేస్తుండా?" అంది. అందరూ నవ్వారు. అమ్మ బిందె సగం నిండకుండానే ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అభినందనలతో,
నీ తమ్ముడు సుమన్


చంద్రపూర్,
18 జూలై

ప్రియమైన అక్కా,

నా ఉత్తరానికి జవాబు లేదు. కోపం వచ్చిందా? అమ్మ మీద అంత కటువుగా రాయకుండా ఉండాల్సిందేమో.

సాథీ బాగాలేదు. మొదటి వారం గుండ్రంగా, ముద్దుగా తయారైంది. నేను గెలిచాననుకున్నాను. ఇప్పుడు పొట్ట డప్పులా ఉబ్బింది. నడుస్తూ నడుస్తూ కూలబడుతుంది. రెండు రోజులుగా తిన్నదంతా కక్కుతున్నది. అమ్మ మనసు పెట్టి వండడం లేదని అన్నాను. అన్న తర్వాత నాకే మంచిగనిపించలేదు. ఎందుకంటే రాత్రంతా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది అమ్మే. "రాణీ" అని పిలిస్తే అది తోక ఆడిస్తున్నది.

ఇంకొకటి. నిన్న అమ్మ నల్లా దగ్గర కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. "ఏం లేదు తీ, ఎండకు," అన్నది. జోరువానలో ఎండెక్కడిదో నేను అడగలేదు.

రేపు పొద్దున్నే సాథీని పశువుల దవాఖానాకు తీసుకెళ్తాను. తొందరగా రాయి.

సుమన్


విరూర్,
23 జూలై

ప్రియమైన తమ్మీ,

రెండు వారాలుగా వాంతులు, విరేచనాల డ్యూటీ మీద ఊర్లు పట్టుకుని తిరిగాను. నిన్న గది తలుపు తీస్తే నీ రెండు ఉత్తరాలూ ఒక్కసారే కాళ్ళ దగ్గర కనబడ్డాయి. మొదటిది చదివి కడుపుబ్బ నవ్వాను. రెండోదానితో ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు.

నువ్వు మరాఠీ బడి నుంచి రాగానే పలక ముందు కూర్చోబెట్టి తెలుగు నేర్పేదాన్ని, గుర్తుందా? టకు దీర్ఘమిస్తే టా. టకు గుడిస్తే టి. ఆ చీటీ తియ్యి. అక్షరం మీద వేలు పెట్టి మళ్ళీ చదువు.

పిల్ల సంగతి డాక్టరు చూసుకుంటాడు. నువ్వు అమ్మ సంగతి చూడు. కళ్ళు తిరిగి పడిన మనిషిని నేనైతే మొదట అడిగేది ఒకటే: పొద్దున ఏం తిన్నవు? నువ్వు అడిగావా?

మీ అక్క
స్నేహలత


చంద్రపూర్,
29 జూలై, గురువారం

ప్రియమైన అక్కా,

వేలు పెట్టి చదివాను. నువ్వు గుడి ఇచ్చావు: వాటి, మరాఠీలో చిన్న గిన్నె. నేను దీర్ఘం చదివాను. నెలంతా కరపత్రాల్లో వాటా, వాటా అని చదివి చదివి నా కంటికి గుడి కూడా దీర్ఘంలాగే కనబడింది. అక్షరం తెలియని అమ్మ చెవితో సరిగ్గా పట్టుకున్న మాటను నేను కాగితం చూపించి తప్పని వాదించాను.

ముందు నీకు కావలసిన మాట: రాణి బతికింది. అవును, పేరు కూడా వాపసు ఇచ్చేశాను.

దవాఖానాలో అనంతరావు డాక్టరు దాని పొట్ట తట్టి, "ఏం పెట్టినవ్ బాబూ?" అన్నాడు.

"సమానంగా పెట్టాను సార్."

"ఎవరితోటి సమానం?"

"మాతో."

ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "దాని కడుపు నీ పిడికిలంత ఉంటది. నీ కడుపెంత? గా ఉల్లిగడ్డల పులుసు బంద్, బొక్కలు బంద్. మెత్తటి అన్నం, పప్పు కట్టు, ఇంత గుడ్డు ముక్క. పూటకు చిన్న గిన్నెడు చాలు. పెరిగిన కొద్దీ కొంచెం కొంచెం పెంచు."

"ఎంత పెంచాలో ఎట్లా తెలుస్తుంది సార్? డబ్బా మీదైతే..."

"డబ్బా ఎందుకయ్యా? దాని పక్కల మీద చెయ్యి పెట్టు. ఎముకలు వేలికి తగలాలె, కంటికి కనబడొద్దు. తగలకుంటే ఎక్కువ పెడుతున్నవ్. కనబడితే తక్కువ పెడుతున్నవ్. గంతే."

చెయ్యి పెట్టి చూశాను. ఒక్క ఎముకా తగల్లేదు.

వారం రోజులు దాని వాటా అన్నాన్నే గంజిగా కాచి పోస్తూ నెట్టుకొచ్చి, నీ ఉత్తరం అందిన సోమవారం సాయంత్రం అటక మీది వాటి దింపాను. కడిగి, అన్నం పప్పు మెత్తగా కలిపి నేనే పెట్టాను. బాపు తిని లేచాడు. నేనూ తిన్నాను. గిన్నెలో అన్నం అట్లాగే ఉంది.

"అమ్మా, ఇవ్వాళ అన్నం మిగిలిందే!"

"మిగల్లే కొడుకా," అంది అమ్మ. "అది నాది."

అప్పటికీ నాకు అర్థం కాలేదు, నా తెలివి అట్లాంటిది. రేషన్ దుకాణంలో ధర పెరిగినప్పటి నుంచి అమ్మ ముగ్గురికి సరిపోయేటన్నే బియ్యం పోస్తున్నది. నేను నాలుగో వాటా ప్రకటించాను గానీ నాలుగో మనిషి బియ్యం పోశానా?

"మరి ఇన్ని రోజులు నువ్వేం తిన్నవు?"

"గంజి తాగిన. మాడుచెక్క తిన్న. ఆకలేం కాలే తీ."

"ఎందుకమ్మా అట్ల?"

"వాటా అంటివి కదరా. బాపు బొగ్గుబాయిల దిగేటోడు, ఆయనది తియ్యనా? నువ్వు ఎదిగే పోరనివి, నీది తియ్యనా? నాది తీసిన."

"నాకు చెప్పొద్దా?"

"చెప్పిన కదా. వాటి అని చెప్పిన."

కోపంగా అనలేదు అక్కా. కోపంగా అంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అరిచేవాణ్ణి. వంగి గిన్నె దగ్గరికి జరుపుకుంటుంటే కొంగు జారి మెడ కింది ఎముకలు రెండూ బయటపడ్డాయి. వేలు పెట్టి చూడనక్కరలేదు. కంటికే కనబడ్డాయి.

నువ్వు అడగమన్న ప్రశ్న ఆ పూట దాకా నేను అడగలేదు. కుక్కపిల్ల గిన్నెలోకి రోజుకు మూడుసార్లు తొంగి చూసినవాణ్ణి. అమ్మ పళ్ళెం ఇంట్లో ఎక్కడుంటుందో కూడా నాకు తెలియదు. పెళ్ళినాటి ఇత్తడి పళ్ళెం, తలుపు వెనక ఉంటుందట. ఇప్పుడు తెలిసింది.

మూడు రోజులుగా ముందు అమ్మకు వడ్డించి కూర్చుంటున్నాను. "గిదేం కాపలారా, జైలు లెక్క!" అని నవ్వుతున్నది. నవ్వితే ఇంకా బాధగా ఉంది.

గోడ మీది కాగితాన్ని వాన ఎప్పుడో కడిగేసింది. కానీ నేను గట్టిగా చదివింది లైనంతా విన్నారు. "ఇంట్ల ముచ్చట మళ్ళ నల్లా కాడెందుకురా," అని అమ్మ వద్దంటున్నది. ఈ ఒక్కసారి అమ్మ మాట వినను. పారేసుకున్న చోటే వెతకాలి కదా. కొత్త కాగితం రాశాను. మరాఠీలో కూడా రాశాను. దాని నకలు కింద ఉంది.

మల్లేశం కాక రైల్వే డ్యూటీకి విరూర్ వస్తుంటే ఆయన చేతికే ఈ ఉత్తరం ఇస్తున్నాను. శనివారం బండికి బయలుదేరు.

నీ తమ్ముడు
సుమన్

నల్లా గోడకు అంటించినది:

అన్యాయం జరిగింది. చేసింది మొగిలి కొడుకు సుమన్. కుక్కపిల్లకు తిండి ఎక్కువ పెట్టి జబ్బు చేయించాడు. కన్నతల్లిని ఇరవై రోజులు పస్తు పెట్టాడు. పైగా ఆమెనే దోషి అని ఈ గోడ దగ్గరే నిలబడి చదివాడు. ఆమె తప్పేమీ లేదు. చీటీలో ఉన్నదే ఆమె చెప్పింది. ఆ మాట ఏమిటో ఈసారి రుక్కమ్మ చెబుతుంది, సుమన్ నిలబడి వింటాడు. ఆ రోజు నవ్విన వాళ్ళందరూ ఆదివారం, ఆగస్టు ఒకటి, పగలు సరిగ్గా పదకొండు గంటలకు నల్లా దగ్గరికి రండి.