ఇది చాయ్ కాదు నాయినా

ఎస్తేరు నాయినా,

నేను ఫస్ట్ బస్సుకు నాగర్‌కర్నూల్ మీటింగ్‌కు పోతున్న. మన ఎస్తేరుకు మోషన్లు తగ్గినయ్ గని ఇయ్యాల బడికి పంపకు. కాచి చల్లార్చిన నీళ్లు సీసాల ఎర్ర గీత దాకా పొయ్యి, దాంట్ల ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తం కలుపు. చక్కెర ఎయ్యకు. జర జర తాపుతనే ఉండు. మిగిలింది రేపటికి దాచకు, పారబొయ్యి. పెరుగన్నం పెట్టు, కడుపు మాడ్చకు. పిల్ల ఒంటేలుకు పోకున్నా, సోలిపోయినా నాకు ఫోన్ చేస్కుంట కూసోకు, సీదా దవాఖానకు తీస్కపో.

నిన్న నువ్వు చాయ్ గ్లాసెడు నీళ్లల్ల ప్యాకెట్ మొత్తం పోసి, రుచి చూసి, ఇంకింత చక్కెర ఏసినవంట. ఇరవై ఏండ్ల సంది హోటల్ల చేతి అందాజతోనే చాయ్ పెడ్తున్నవు, ఉప్పునుంతలల నీ చాయ్‌కు పేరుంది, కాదనను. గని ఇది గట్ల కలిపేది కాదు. ఆశ వర్కరని ఊరంత నా మాట ఇంటది, ఇంట్ల నువ్వే ఇనవు.

పిల్ల ఆ గ్లాసు పక్కకు జరిపి, "ఇది చాయ్ కాదు నాయినా, ప్యాకెట్‌కు లీటరు నీళ్లు పొయ్యాలె, అమ్మ అందరికి గట్లనే చెప్తది" అన్నదంట. రెండో తరగతి పిల్ల! నేను ఇండ్లకు పోతుంటె నా ఎంట ఆడుకుంట వస్తదనుకున్న. అన్నీ ఇన్నది.

ఇయ్యాల మీటింగ్‌ల అందరి ముందట నన్ను మాట్లాడమన్నరు. ఈ ముచ్చటే చెప్త. నీ పేరు చెప్పనులే, ఎవరో ఒక తండ్రి అని చెప్త. పిల్ల పేరు మాత్రం గట్టిగ చెప్త.

వసంత

సీసా మీద లీటరు కాడ ఎర్ర గీత గీసింది నేను కాదు, ఎస్తేరే. నాయిన మళ్ల అందాజ చేస్తడని.