జూన్‌లో డానిష్ బిస్మిల్లా

జర్మనీ నుంచి,
మార్చి 28.

అమ్మీకి నీ గజాలా సలాం. అబ్బాకు, చెల్లి నౌరీన్‌కు కూడా చెప్పు. మేం ముగ్గురం వేళకు తింటున్నాం, ఎవరికీ జ్వరాలూ జలుబులూ లేవు. మీరూ అలాగే ఉన్నారనుకుంటున్నాను. రెండు రోజులకోసారి ఫోన్లో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమెందుకని నవ్వుకుంటావు. ఇంట్లో సగం ఉర్దూ సగం తెలుగు మాట్లాడినా, రాయాలంటే మనిద్దరికీ బడిలో నేర్చుకున్న తెలుగే దిక్కు. కాబట్టి తప్పులుంటే నకిరేకల్ బడినే అను.

పండుగ పార్సిల్‌లో నువ్వు పెట్టిన చీటీ అందింది. కారప్పొడి కూడా చిరగకుండా చేరింది. పోయినేడు రంజాన్‌లో తప్పిన రోజాలు తీర్చుకున్నావా అని అడిగావు. డిసెంబరులోనే తీర్చేశాను. ఇక్కడ చలికాలంలో నాలుగున్నరకే ఇఫ్తార్, ఆకలి మొదలయ్యేసరికి రోజా అయిపోతుంది. అక్కడ ఎండలో గాజుల దుకాణంలో కూర్చుని ఉపవాసం ఉండే నువ్వు, ఇది దొంగ రోజా అంటావేమో. నీ అల్లుడు ఫైసల్ నడుము నొప్పి తగ్గింది. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ఎలా బూడిద పూసుకుని వచ్చేవాడో, ఇక్కడి ఫ్యాక్టరీ నుంచీ అలాగే వస్తున్నాడు. ఆ బట్టలు ఉతకడం మాత్రం నాకు అలవాటైన పనే.

ఇక్కడి కాలాలకు మాత్రం ఇంకా అలవాటు పడలేదు. మేం వచ్చిన మొదటి ఏడు, చూస్తుండగానే చెట్లన్నీ ఆకు రాల్చేస్తుంటే, నిమ్మతోటకు తెగులు తగిలినట్టు భయపడ్డాను. ఫైసల్ రెండు రోజులు నవ్వాడు. తర్వాత చీకటి వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిని గిన్నెలు కడిగేలోపు పొద్దు కుంకేది. ఇప్పుడు కొమ్మలకు మొగ్గలు పట్టాయి, పొద్దు రోజురోజుకూ సాగుతోంది. పక్కింటివాళ్ళు బయట కుర్చీలు వేసుకుని ఎండకు ముఖాలు పెట్టి కూర్చుంటున్నారు. అందరికీ సంతోషంగా ఉంది, నాకే ఈ ఎండంటే భయంగా ఉంది. ఎందుకో చెబుతాను, కోప్పడకుండా చదువు.

నువ్వు రాత్రి దుకాణం మూసి ఫోన్ చేసేవేళకు మాకు సాయంత్రం, చలికాలమంతా అప్పటికే చీకటి. నువ్వు డానిష్‌ను అడిగేదానివి. పండుకున్నడు అమ్మీ అని, కిటికీ వైపు ఫోన్ తిప్పి చీకటి చూపించేదాన్ని. నువ్వు నమ్మేదానివి. ఫిబ్రవరి దాటాక ఆ వేళకు ఎండ ఉంటోంది. పోయిన వేసవిలో తండ్రితో బయట ఆడుకుంటున్నాడనేదాన్ని, మళ్ళీ అదే చెబితే నమ్మవని పరదాలు మూసి మాట్లాడడం మొదలుపెట్టాను. పోయిన ఆదివారం నువ్వు పట్టేశావు.

"గజ్జూ, ఆ పరదా ఎనక గంత ఎలుగు ఏందే?"

"వీధిలైటు అమ్మీ."

"లైటు గట్ల పచ్చగ ఉంటదా? నా మనవడు నన్ను మర్చిపోయిండా, లేకపోతే నువ్వే దాస్తున్నవా?"

మర్చిపోలేదు. నీ గొంతు వినగానే పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చాడు. నా కుర్తా పట్టుకుని, ఫోన్లోకి తొంగిచూడాలని మునికాళ్ళ మీద లేచాడు. నేను నీతో మాట్లాడుతూనే, వాడు నీకు కనబడకుండా చేత్తో వెనక్కి నెట్టాను. వాడు ఏడవలేదు. గోడకు ఆనుకుని, నువ్వు ఫోన్ పెట్టేసేదాకా నిలబడ్డాడు. 

అమ్మీ, డానిష్ మాట్లాడడం లేదు. నీ దగ్గరున్నప్పుడు నిన్ను నానీ అని, నీళ్ళను పానీ అని అనేవాడు కదా. ఇక్కడి మొదటి చలికాలంలో ఒక్కొక్కటే మానేశాడు. ముందు పానీ పోయింది, తర్వాత నానీ, చివరకు నన్ను పిలిచే అమ్మీ కూడా పోయింది. కొత్త దేశం, కొత్త భాష, చలి తగ్గితే సర్దుకుంటుందనుకున్నాం. ఒక వేసవి గడిచింది, ఇంకో చలికాలం కూడా గడిచింది. డాక్టరు చెవులు చూసింది, బాగున్నాయంది. చెప్పింది అర్థం చేసుకుంటాడు, నవ్వుతాడు, కావలసినదాని దగ్గరకు నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. మాట నేర్పడానికి వారానికోసారి ఒకామె దగ్గరకు తీసుకెళ్తున్నాను. డాక్టరు చెవులు చూసిన రోజు దవాఖాన నుంచి బయటికొచ్చాక ఫైసల్ అన్నాడు: "మాట వస్తదన్నది. నువ్వు ఊకె ఫికర్ చేయకు." మాట రాకపోవచ్చు అని కూడా డాక్టరు అంది. నాకు ఆపాటి జర్మన్ వచ్చు. నాకు అర్థమైందని నేను ఫైసల్‌కు చెప్పలేదు, అతనూ మిగతా సగం చెప్పలేదు. ఇద్దరం బస్సులో కిటికీలోంచి చూస్తూ ఇంటికొచ్చాం.

ఇక నీ చీటీలో పెద్ద మాట. "జూన్‌ల వానికి నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండుతయి. బిస్మిల్లా ఈడనే చేద్దాం. మౌల్వీ సాబ్‌కు చెప్పిన. పెండ్లికొడుకు లెక్క తయారు చేస్త" అని రాశావు. షేర్వానీ బట్ట కూడా కొన్నావని నౌరీన్ చెప్పింది. వాడికి చదువు మొదలుపెట్టించే ఆ వేడుక నాకు కళ్ళ ముందు కనిపిస్తూనే ఉంది. నిండిన ఇల్లు, మెడలో పూలహారం, మౌల్వీ సాబ్ బిస్మిల్లా అంటారు, పిల్లవాడు వెంట పలకాలి. అందరూ వాడి నోటివైపు చూస్తూ ఉంటారు. వాడు పలకడు. మౌల్వీ సాబ్ మళ్ళీ అంటారు. ఎవరో ఒకరు, సిగ్గుపడుతున్నాడు అంటారు. ఇంకొకరు, బయటి దేశంలో పెంచి పాడుచేశారు అంటారు. ఈ ఆలోచనతో రోజూ చేస్తున్న పని మధ్యలో ఆగిపోతున్నాను.

వాడి గురించి భయపడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఈ ఉత్తరం రాస్తుంటే తెలిసింది, భయం వాడి గురించి కొంతే. నలుగురిలో నాకు సిగ్గు. నా కడుపున పుట్టినవాణ్ణి చూసి సిగ్గుపడుతున్నాను అమ్మీ. ఇంతకంటే ఏం రాయను.

వద్దు, ఇంకో ఏడు ఆగుదాం అని రాయాలనే మొదలుపెట్టాను. ఇప్పుడు అలా రాయను. బిస్మిల్లా చెయ్యి. పిలవాల్సినవాళ్ళలో ఒక్కరినీ తగ్గించకు. వాడు పలికినా పలకకపోయినా హారం వెయ్యి, మిఠాయి పంచు. కానీ మౌల్వీ సాబ్‌కూ వచ్చే ప్రతి ఒక్కరికీ నువ్వే ముందుగా చెప్పాలి, నా మనవడికి మాట లేదు అని. మెల్లగా చెవిలో కాదు, మామూలుగా. చెబుతానని నువ్వు రాస్తేనే టికెట్లు కొంటాం. ఈ సంగతి దాచి వాణ్ణి కూర్చోబెడితే మాత్రం, అందరూ చూస్తుండగా నేను మళ్ళీ వాణ్ణి వెనక్కి నెడతాను. నా చేతిని నేను నమ్మలేకపోతున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే నీ పెద్దకూతురు,
గజాలా