బోరింగు నీళ్లు

ఖిదిర్‌పూర్,
ఆదివారం.

ప్రేమగల జగ్గమ్మత్తకు నీ కోడలు కృష్ణకుమారి దండాలు పెట్టి రాస్తున్నది.

ఉత్తరం చూసి కంగారు పడకు. అందరం బాగానే ఉన్నాం. నీ కొడుకు సుందర్ డాక్‌లో డ్యూటీకి వెళ్లాడు. బడ్జ్ బడ్జ్ ఏమంత దూరం, రైలెక్కితే గంటలో వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్ కూడా రెండుసార్లు చేశాను. "తిన్నావేటే?" అని నువ్వు అడగ్గానే కుట్టుమిషను బెల్టు తెగిందని ఏదో చెప్పి పెట్టేశాను. మా ఆడపడుచు రోజారాణి ఇంట్లో నువ్వు తప్ప తెలుగు చదివేవాళ్లు లేరు. ఆ ధైర్యంతోనే ఇది రాస్తున్నాను.

సాల్ట్ లేక్ షాపు దీదీ అడిగిన నలభై కుషన్ కవర్ల సంగతి నువ్వు మర్చిపోయి ఉండవు. గుడ్డను కరక్కాయ నీళ్లలో ఉడకబెట్టింది నువ్వు, పటిక పట్టించింది నువ్వు, ఎర్రరంగు కోసం మంజిష్ఠ దంచి కుండలో మరగబెట్టింది నువ్వు. నాకు అప్పగించింది ఒక్కటే, రంగులో వేసే ముందు గుడ్డ జాడించడం. ఆ పొద్దున కార్పొరేషన్ నీళ్లు వచ్చే వేళకు నేను మిషను మీద కూర్చుని డ్రమ్ము నింపడం మర్చిపోయాను. నీకు చెబితే తిడతావని సందు చివర బోరింగు కొట్టి నాలుగు బకెట్లు తెచ్చి అందులోనే జాడించేశాను. బోరింగు నీళ్లలో ఇనుముంటుందని, కరక్కాయ పట్టిన గుడ్డకు అది తగిలితే నల్లబడిపోతుందని ఐదేళ్లుగా చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతూనే ఉన్నావు. తేటగానే ఉన్నాయి కదా, ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకున్నాను. తడి గుడ్డ కొంచెం మసకబారినట్టు కనిపించింది కూడా. తడి వల్లేలే అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కుండలో వెయ్యడానికి నీకు అందించేశాను.

ఎర్రగా రావలసిన నలభైయ్యీ మాడిన బెల్లం రంగులో వచ్చాయి. నువ్వు ఒక్కొక్కటే కర్రతో ఎత్తి గుమ్మం వెలుతురులో పట్టుకుని చూశావు. మంజిష్ఠ ఎక్కువ మరిగినా రంగు అలాగే చెడుతుంది కనక తప్పు నీ మీదకే తెచ్చుకున్నావు. "మంట ఎక్కువెట్టీసినానేటే? నాకు ఎరుపులాగే కనపడింది గదే" అన్నావు. నీ కంటికి పొర మొదలైందని డాక్టరు చెప్పి అప్పటికి నెల కూడా కాలేదు. "అమ్మా, నీకు మరి సూపానడం నేదు, ఇంక చాలు" అన్నాడు సుందర్. నేను అక్కడే తడి చేతులతో నిలబడి ఉన్నాను, నోరు విప్పలేదు.

భయపడ్డానని రాస్తే అది సగమే నిజం. ఇన్నేళ్లలో నువ్వు నన్ను రంగు కుండ దగ్గరికి రానివ్వలేదు. కుట్టు వంకరపోయినా, మడత తప్పినా పదిమంది ముందు అనేదానివి. ఆ రోజు తప్పు నీది అయినందుకు నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది అత్తా. ఆ క్షణం దాటాక చెబుదామనుకున్నాను. ఇంతలో నువ్వు ఇక పనంతా నాదే అన్నట్టు పెద్ద కత్తెర నా చేతిలో పెట్టి రోజారాణి ఇంటికి వెళ్లిపోయావు.

నాలుగు నెలలైంది. బజారులో రంగు గుడ్డ కొని సంచులు కుడుతున్నాను. అవి నాకే నచ్చడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు రాస్తున్నాను. నీ కళ్లు ఏ తప్పూ చెయ్యలేదు, నీ చెయ్యీ చెయ్యలేదు. తప్పు నాది. తిట్టినా పడతాను, ఇంటికి రా.

నీ కోడలు,
కృష్ణకుమారి


బడ్జ్ బడ్జ్,
శుక్రవారం.

కోడలు కృష్ణకుమారికి జగ్గమ్మ రాస్తున్న సంగతులు. దీవెనలు తరవాత.

నీ ఉత్తరం మంగళవారం అందింది. మూడుసార్లు చదివాను. నాకు ముందే తెలుసని, నిన్ను కాపాడాలని ఊరుకున్నానని రాస్తాననుకుంటున్నావేమో. నాకు తెలియదు. నువ్వు చెప్పేదాకా నా చెయ్యే చెడిపోయిందనుకున్నాను.

ఇక్కడ రోజారాణి నన్ను పొయ్యి దగ్గరికి పోనివ్వదు. కూరలు తరగబోతే కత్తిపీట లాగేసుకుంటుంది. "మాయమ్మకి సూపానదు" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది, ప్రేమతోనే చెబుతుంది. చీర కట్టుకునే ముందు మనవరాలిని పిలిచి ఇదేం రంగే అని అడుగుతున్నాను. ఆకుపచ్చ అని నాకు కనపడుతూనే ఉంటుంది. అయినా అడుగుతున్నాను. నలభై ఏళ్లు రంగులతో బతికినదాన్ని, అంతదాకా వచ్చాను. నిన్ను ఏడిపించాలని కాదు, నీకు తెలియాలని రాస్తున్నాను. ఏడుపొస్తే ఏడువు.

ఉత్తరం చదివాక సూదీ దారం తెప్పించుకున్నాను. మూడోసారికి ఎక్కింది. పొర ఉన్నమాట నిజమే, ఆపరేషను చేయించుకుంటాను. చెయ్యే పోయాక కళ్లెందుకని ఇన్నాళ్లూ వద్దన్నాను.

కుండ దగ్గరికి రానివ్వలేదన్నావు, అదీ నిజమే. నీకు పని వచ్చేస్తే నన్ను అడిగేవాళ్లుండరని భయం. డ్రమ్ము నింపలేదన్న మాట కూడా నాతో చెప్పలేని దాన్ని చేశాను నిన్ను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను.

ఇంటికి రమ్మన్నావు. ఒక్కదాన్నే రాగలను, కాని రాను. నువ్వే వచ్చి తీసుకెళ్లు. ఇక్కడెవరూ చదవలేరనే కదా ధైర్యంగా రాశావు. అందుకే నువ్వెంత రాసినా ఈ ఇంట్లో నేనింకా చూపానని ముసలిదాన్నే. ఆదివారం పగలు రా, అల్లుడు కూడా ఇంట్లో ఉంటాడు. అన్నాలయ్యాక అందరూ కూర్చున్నప్పుడు, చెడింది మీ అమ్మ చెయ్యి కాదని రోజారాణికి నీ నోటితో చెప్పు. తరవాత ఇద్దరం కలిసే రైలెక్కుదాం.

నాకు కోపం ఇంకా తగ్గలేదు. అయినా నువ్వు చెబుతున్నంతసేపూ నీ చెయ్యి పట్టుకునే కూర్చుంటాను.

మీ అత్త,
జగ్గమ్మ